విశాఖ ఓడరేవుపై సెమినార్ పేపర్: చిత్తుప్రతిని తిరగరాయడం ఎలా?

ప్రశ్న (ఎం.ఏ. చరిత్ర విద్యార్థి, గాజువాక)

సభ్యులందరికీ నమస్కారం. విశాఖ ఓడరేవు పుట్టుక మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. పన్నెండు పేజీల చిత్తుప్రతిని మా మేడమ్‌కు చూపించగా, ఆవిడ ఒక్క అచ్చుతప్పు కూడా దిద్దకుండా, చివరి పేజీ కింద ‘సమాచారం ఉంది, నీ మాట ఏది?’ అని మాత్రం రాసి ఇచ్చేశారు. పైగా రేవు ప్రారంభమైన తేదీ ఒకచోట 1933 అక్టోబరు 7 అనీ, మరోచోట అదే ఏడాది డిసెంబరు 19 అనీ ఉంది. నేను మొదటిది వేసుకుని రెండోదాన్ని వదిలేశాను. ఆధారాలను చదవడం, రాసినదాన్ని తిరగరాయడం ఎలా అలవరచుకోవాలో పెద్దలు చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు

బాబూ, మీరు వదిలేసిన తేదీ దగ్గరే మీ పేపరు మొదలవుతుంది. అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశారు. రెండూ నిజమే. రెండు ఆధారాలకు పొత్తు కుదరనప్పుడు ఒకదాని నోరు నొక్కేయకుండా, ఏ సంఘటన గురించి, ఎవరు, ఎవరి కోసం రాశారని అడగాలి. మధ్యపరగణాల (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికి దగ్గరి దారి కావలసి రావడం ఈ రేవు నిర్మాణానికి ఒక ముఖ్య కారణం కనుక, దీని కథ తీరం దగ్గర కాక రాయపూర్ వైపు రైలు పట్టాల దగ్గర మొదలవుతుందని మీరు వాదించవచ్చు, కాదనీ వాదించవచ్చు. మేడమ్‌గారు అడిగిన ‘నీ మాట’ అదే.

పరిశోధక విద్యార్థిని, భీమిలి

మాస్టారు చెప్పినదానికి నోట్సు సంగతి కలుపుతాను. ఒకసారి పాత గెజిటీర్ పేజీని జిరాక్స్ తీయించుకున్నాను. పేజీ సంఖ్య ఉన్న అంచు కాగితంలో పడలేదు. ఆరు నెలల తర్వాత పాదసూచిక రాయబోయి, ఆ ఒక్క అంకె కోసం బస్సెక్కి మళ్లీ గ్రంథాలయానికి పోవలసి వచ్చింది. అప్పటినుంచి జిరాక్స్ చేతికందగానే, అక్కడే నిలబడి, వెనకవైపు పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ పెన్సిలుతో రాసుకుంటున్నాను. గ్రంథకర్త వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తుకుంటే నీలం సిరా, నా మాటల్లో రాసుకుంటే నలుపు. లేదంటే కొన్నాళ్లకు ఏది ఎవరిదో తెలియదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో (థీసిస్) ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే, ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ సమర్పించాలి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలుండే ‘శోధగంగ’ వెబ్‌సైటులో మీ అంశానికి దగ్గరి సిద్ధాంత గ్రంథం దొరికితే అధ్యాయాలకంటే ముందు గ్రంథసూచి చూడండి.

ఇక తిరగరాయడం. రెండు రోజులు పక్కన పెట్టి, అచ్చు తీసి, ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క వాక్యం రాయండి. వాక్యం కుదరని పేరా ఉండనక్కరలేదు. అక్షరదోషాలు ఆఖరున.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అక్కా, రాసి చూశాను. ఏడు పేరాల పక్కన ‘రేవు వివరాలు’ అన్న మాటే పడింది. నాలుగు పేజీలు పోయాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద సూర్యోదయం గురించి ఒక పేజీ ఉంది, దాన్ని కొట్టేయడానికి మాత్రం మనసొప్పడం లేదు.

విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు

ఆ కొండ రేవుకు గాలివానల నుంచి కాపు కాస్తుంది కాబట్టి కొండను ఒక వాక్యంలో ఉంచండి. సూర్యోదయం తీసేయండి.