అయోవాలో మానసిక ఆరోగ్య రీజియన్లు రద్దయ్యాక ఎవరిని అడగాలి?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉండేవారెవరైనా దారి చూపగలరా? మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. నెలనెలా వేయించాల్సిన ఇంజెక్షను, గది అద్దెకు సాయం, అన్నీ మా రీజియన్ (మానసిక ఆరోగ్య, వైకల్య సేవలు చూసే ప్రాంతీయ సంస్థ) సమన్వయకర్తే చూసేవారు. 2024లో గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ సంతకం చేసిన చట్టంతో, 2025 జులై 1 నుంచి 13 రీజియన్లు పోయి, మానసిక ఆరోగ్య సేవలకు 7 జిల్లాలు వచ్చాయి. మా సమన్వయకర్త ఉద్యోగమూ పోయింది. కాగితం మీద కొత్త ఏర్పాటు బాగానే ఉంది గానీ, ఆవిడకు వీడి మందు పేరు, మోతాదు నోటికి వచ్చేవి!

వైకల్య సేవలను మానసిక ఆరోగ్యం నుంచి విడదీశారు. మా వాడు ఏ పద్దులోకి వస్తాడో ఎవరూ తేల్చడం లేదు. ఇటు ఫోను చేస్తే అటు పొమ్మంటారు. అద్దె సాయానికి ముందుగా ఎవరిని కలవాలి? పాత మంజూరు పత్రం చెల్లుతుందా, మళ్ళీ దరఖాస్తు పెట్టాలా?