కొత్త బ్యాక్టీరియా జాతి అని తేల్చడం ఎలా?

ప్రశ్న:
మట్టి నమూనా నుంచి వేరుచేసిన ఒక బ్యాక్టీరియా, పోషకాలు బాగా తగ్గించిన అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) మీద మాత్రమే, లేత గులాబీ రంగులో సూదిమొనంత కాలనీలుగా నెమ్మదిగా పెరుగుతోంది. బ్యాక్టీరియాల గుర్తింపుకు పోల్చి చూసే దాని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యుక్రమం అత్యంత సమీప జాతితో 98.2 శాతమే సరిపోలింది. దీన్ని కొత్త జాతిగా ప్రకటించవచ్చా?

జవాబు 1:
ఫలితం ఆశాజనకమే కానీ, అప్పుడే ప్రకటించకండి. పోలిక 98.7 శాతం కంటే తగ్గితే కొత్త జాతి అయ్యే అవకాశం బలంగా ఉంటుంది. అయితే నెమ్మదిగా పెరిగే కాలనీలో మరో జీవి కలిసి ఉండే ప్రమాదం ఎక్కువ కనుక, విడి కాలనీని తీసుకుని కొత్త పళ్లెం మీద మళ్లీ మళ్లీ పెంచి శుద్ధమైనదని రూఢి చేసుకోండి. ఆ తర్వాత పూర్తి జీనోమ్‌ను చదివించి, సమీప జాతుల టైప్ స్ట్రెయిన్‌లతో (ఆయా జాతులకు ప్రామాణికంగా ఉంచిన కల్చర్‌లతో) సగటు న్యూక్లియోటైడ్ సారూప్యాన్ని, అంటే డీఎన్‌ఏ అక్షరాలు సగటున ఎంత శాతం కలుస్తాయో, లెక్కించండి. అది 95 శాతానికి దిగువన ఉంటే మీ వాదన గట్టిగా నిలుస్తుంది.

జవాబు 2:
జన్యుక్రమంతోనే ఆగిపోవద్దని నా మనవి. ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పు పరిమితులతో పాటు కణపొరలోని కొవ్వు ఆమ్లాలను, క్వినోన్లను (శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను మోసే అణువులను) కూడా పరీక్షించాలి. మాధ్యమం మారితే కొవ్వు ఆమ్లాల పాళ్లు మారిపోతాయి కాబట్టి, పాత పత్రాల్లోని అంకెలపై ఆధారపడకుండా, సమీప జాతి టైప్ స్ట్రెయిన్‌ను తెప్పించుకుని అదే మాధ్యమంలో పక్కపక్కనే పెంచి పోల్చండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి పేరుకు గుర్తింపు ఎలా వస్తుంది?

జవాబు 1:
రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ సేకరణ కేంద్రాల్లో స్ట్రెయిన్‌ను జమచేసి, వర్ణనను ప్రచురించాలి. 2022లో వెలుగులోకి వచ్చిన, కంటికి కనిపించేంత పొడవైన బ్యాక్టీరియా థయోమార్గరీటా మాగ్నిఫికాను ప్రయోగశాలలో పెంచలేకపోవడం వల్లే దాని పేరుకు ముందు ‘క్యాండిడేటస్’ (శుద్ధంగా పెంచలేని జీవికి ఇచ్చే తాత్కాలిక హోదా) అని చేర్చారు. మీది పళ్లెం మీద పెరుగుతోంది కాబట్టి ఆ చిక్కు లేదు. ముందుగా కొంత కల్చర్‌ను గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర భద్రపరచండి.