గేమ్ మధ్యలో ఫ్రీజ్: కొత్త డ్రైవర్ వేయాలా, పాతదానికి వెళ్లాలా?

నీలితెర:
మూడు వారాలుగా ఇదే బాధ. ఏ గేమ్ మొదలుపెట్టినా 20 నుంచి 40 నిమిషాల్లో బొమ్మ ఉన్నచోటే ఆగిపోతుంది. చివరి శబ్దం ముక్క పదేపదే మోగుతుంది, తర్వాత తెర నల్లబడుతుంది. ఒక్కోసారి దానంతటదే డెస్క్‌టాప్‌కి వచ్చి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని సందేశం చూపిస్తుంది. లేదంటే పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే. ఒక స్నేహితుడు గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, సరికొత్తది వెయ్యమన్నాడు, ఇంకొకరు పాతదానికి వెళ్లమన్నారు. రెండూ చేశాను, మొత్తం నాలుగుసార్లు. గేమ్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ రెంటిలో ఏది సరైన పద్ధతి?

పాతకాపు:
పాతదే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 2015 నవంబరులో ఏఎండీ క్రిమ్సన్ డ్రైవర్ వచ్చినప్పుడు కొన్ని కార్డుల్లో ఫ్యాన్ వేగం 20 శాతం దగ్గరే ఆగిపోయింది, వెంటనే హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) ఇవ్వాల్సి వచ్చింది. 2016 మార్చిలో ఎన్విడియా 364.47 డ్రైవర్ కొందరి కంప్యూటర్లను క్రాష్ చేసింది. 2025 మొదట్లో ఎన్విడియా 572 సిరీస్‌తో నల్ల తెరల గొడవ ఎంతమందిని ఏడిపించిందో ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కంపెనీలు సరిగ్గా పరీక్షించకుండా వదిలినదాన్ని మన మెషీన్‌లో మనమెందుకు పరీక్షించాలి? బాగా నడిచిన వెర్షన్ నంబరు రాసిపెట్టుకోండి, దాని దగ్గరే ఉండండి.

ఎప్పటికప్పుడు:
పాతకాపు గారూ, 572 సంగతి చెప్పి సగంలో ఆపేశారు. ఆ సమస్యల్లో చాలావాటిని సరిచేసింది కూడా కొత్త డ్రైవరే. అదే ఏడాది ఏప్రిల్‌లో 576.02 వచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. పాత వెర్షన్‌కి వెళ్లినవాళ్ల మార్పిడి అక్కడితో తీరిపోలేదు, తర్వాత వచ్చిన కొత్త గేమ్ కోసం మళ్లీ ముందుకు రావాల్సి వచ్చింది. పైగా డ్రైవర్లలో భద్రతా లోపాలు బయటపడుతూనే ఉంటాయి, వాటి సవరణలు వచ్చేది కొత్త వెర్షన్లలోనే. ఏడాది పాత డ్రైవర్‌తో ఉండటం నాకైతే భయం.

వాయిదా:
విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఒక విలువ ఉంటుంది, దాన్ని 10 చేసెయ్యండి. నాకు ఆ సందేశం రావడం ఆగిపోయింది.

ముందు లాగ్:
అందరూ మందు చెబుతున్నారు, రోగం ఏమిటో ఎవరూ అడగలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆ సందేశం అసలు ఏం చెబుతోంది? విస్టా కాలం నుంచి విండోస్‌లో టీడీఆర్ అనే కాపలా ఉంది. గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చిన పని మామూలుగా 2 సెకన్లలో కదలకపోతే కార్డు ఇరుక్కుపోయిందని భావించి, విండోస్ దాన్ని రీసెట్ చేసి డ్రైవర్‌ని మళ్లీ నిలబెడుతుంది. అది కుదిరితే విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు నమోదవుతుంది. కుదరకపోతే 116 నంబరు ఎర్రర్‌తో నీలి తెర వచ్చి మెషీన్ ఆగిపోతుంది. అంటే కార్డు పలకలేదని మాత్రమే ఆ సందేశానికి తెలుసు, ఎందుకు పలకలేదో తెలియదు. డ్రైవర్ తప్పు కావచ్చు. కార్డు ఓవర్‌క్లాక్ (మామూలుకన్నా పెంచిన వేగం), కరెంటు సరిగా అందకపోవడం, ర్యామ్, వేడి, గేమ్‌లోని బగ్ కూడా కావచ్చు. చావు కబురు తెచ్చినవాడినే హంతకుడని పట్టుకుంటే ఎలా?

దీనికి పెద్ద ఉదాహరణ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. గేమ్‌లు వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ చూపించి మూసుకుపోయేవి. చూసినవాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డునే అనుమానించారు. చివరికి తేలింది ఏమిటంటే, ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసరే దెబ్బతింటోంది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణలు ఇచ్చింది. అలాంటి మెషీన్‌లో డ్రైవర్ వందసార్లు మార్చినా ఏం లాభం?

వాయిదా గారూ, ఆ రిజిస్ట్రీ విలువలు పరీక్షలకీ డీబగ్గింగ్‌కీ ఉద్దేశించినవని మైక్రోసాఫ్టే రాసింది. భారీ రెండరింగ్ పనుల్లో కార్డు నిజంగానే ఎక్కువ సమయం తీసుకుంటే అది ఉపయోగపడొచ్చు. గేమ్‌లో కార్డు ఇరుక్కుపోయినప్పుడు 2 సెకన్లకి బదులు 10 సెకన్లు బిగుసుకుని కూర్చుంటారు, అంతే.

నీలితెర గారూ, ఈరోజు ఏ డ్రైవరూ ముట్టుకోకండి. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే రిలయబిలిటీ హిస్టరీ కనిపిస్తుంది, అది తెరవండి. ఏ రోజు ఏం పడిపోయిందో, ఏ రోజు ఏ డ్రైవర్ ఎక్కిందో ఒకే పట్టీలో తేదీలవారీగా ఉంటుంది. హార్డ్‌వేర్ ఎర్రర్ కింద లైవ్ కెర్నల్ ఈవెంట్ 141 గానీ 117 గానీ ఉంటే అది కార్డు పలకని సందర్భమే. మొదటిది ఏ తేదీన వచ్చింది? దానికి ముందు రెండు మూడు రోజుల్లో ఏం మారింది? డ్రైవర్ ఎక్కిన రోజు నుంచే మొదలైతే పాతకాపు గారి మాట వినండి. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (మెషీన్ సరిగా ఆపకుండా ఆగిందనే నమోదు) కనిపిస్తే కంగారుపడకండి, పవర్ బటన్‌తో ఆపినా అది పడుతుంది. ఇంకో చిన్న పని: ఈసారి బిగుసుకున్నప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని రీస్టార్ట్ చేస్తుంది. బొమ్మ తిరిగి వస్తే మెషీన్ లోపల బతికే ఉందన్నమాట.

పాతకాపు:
బాగా చెప్పారు, కానీ ఒక మాట. వెనక్కి వెళ్లడం కూడా పరీక్షే కదా? డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే ఐదు నిమిషాల పని. లాగ్‌లు చదివే ఓపిక అందరికీ ఉండదు.

ముందు లాగ్:
ఒప్పుకుంటాను, అదొక్కటే మార్చి గేమ్ ఆడి చూస్తే అది మంచి పరీక్షే. చిక్కల్లా డ్రైవర్‌తో పాటు గేమ్ సెట్టింగులు, బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు), విండోస్ అప్‌డేట్ అన్నీ ఒకే సాయంత్రం మార్చేయడంతో వస్తుంది. తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. ఇంకొకటి, డీడీయూతో (డ్రైవర్‌ని ఆనవాలు లేకుండా తీసేసే టూల్) ముందే అంతా తుడిచేస్తే ఆ బటన్ పనిచేయకపోవచ్చు, వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ అక్కడ ఉండదు కదా. అందుకే డీడీయూ నాకు చివరి అస్త్రం. వాడితే సేఫ్ మోడ్‌లో, ఇంటర్నెట్ తీసేసి వాడాలి. లేకపోతే మీరు కావాలనుకున్న డ్రైవర్ వేసేలోపే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నది ఎక్కించేస్తుంది.

ఎప్పటికప్పుడు:
ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను. కార్డు కంపెనీ మారినప్పుడు, అంటే ఏఎండీ నుంచి ఎన్విడియాకో, అటునుంచి ఇటో వెళ్లినప్పుడు, ముందే డీడీయూ వాడటం మేలు. రెండు కంపెనీల మిగులు ఫైళ్లు ఒకేచోట ఉంచుకోవడం ఎందుకు?

ముందు లాగ్:
కార్డు మారినప్పుడు నేనూ అదే చేస్తాను. ప్రతి నెలా అప్‌డేట్‌కి ముందు తుడిచేవాళ్లకే నా అభ్యంతరం.

నీలితెర:
చూశాను. మొదటి 141 పడింది ఒక శనివారం. డ్రైవర్ మార్చింది అది పడ్డ తొమ్మిది రోజులకి, అదీ ఈ ఫ్రీజ్ పోతుందేమోనని. ఆ శనివారం చేసిన పని వేరే ఉంది: ఉన్న ర్యామ్‌కి ఇంకో జత కలిపి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాను. అప్పట్లో దీనికీ గ్రాఫిక్స్‌కీ సంబంధం ఉంటుందని తోచనేలేదు. నిన్న ఎక్స్‌ఎంపీ ఆపేశాను. రెండు గంటలు ఆడాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

పాతకాపు:
ఒక్క సాయంత్రంతో తేల్చకండి. మళ్లీ ఆన్ చేసి చూడండి. ఫ్రీజ్ తిరిగొస్తేనే అది ర్యామ్ సంగతి. రాకపోతే నా మాట ఇంకా నిలబడే ఉంది.

నీలితెర:
ఆన్ చేశాను. 35 నిమిషాలకి ఆగిపోయింది, అదే శబ్దం, అదే నల్ల తెర. ఆపేశాక ఇది మూడో రాత్రి, ఇబ్బంది లేదు. కొత్త జత తీసేసి, పాత జత ఒక్కదానితో ఎక్స్‌ఎంపీ పెట్టి చూడటం మిగిలింది. రేపు ఆ ఫలితం రాస్తాను.

వాయిదా:
నేనూ నా పట్టీ తెరిచి చూశాను. నాది వేరే కథ. డ్రైవర్ ఎక్కిన మర్నాడే మొదటి 141 ఉంది, అంతకుముందు నాలుగు నెలల్లో ఒక్కటీ లేదు. టీడీఆర్ విలువ తీసేశాను. రాత్రికి రోల్ బ్యాక్ నొక్కుతున్నాను, ఇంకేమీ మార్చను.