ఎడారి ఇసుకలో జిగురు జిగురుగా ఊదారంగు పూల మొక్క, ఏంటిది?

మొన్న శనివారం శాండియాగో నుంచి పిల్లలతో అంజా-బొరేగో ఎడారి స్టేట్ పార్కుకి వెళ్లామండీ. హెండర్సన్ కాన్యన్ రోడ్డు పక్కన ఇసుక మీద పాకిన మొక్కలు, గుత్తులు గుత్తులుగా గులాబీకీ ఊదాకీ మధ్య రంగు పూలు. ఆకు పట్టుకుంటే వేళ్లకి జిగురు, కాడ నిండా ఇసుక, పాకంలో ముంచి నువ్వుల్లో దొర్లించినట్టు. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "అటికమామిడిలా ఉందే" అంది. అమెరికా ఎడారిలో అటికమామిడి ఏంటి? ఒకటి తవ్వి తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చా?

జవాబు 1:
అమ్మగారు భలే పట్టేశారు! అది శాండ్ వెర్బీనా, అబ్రోనియా విల్లోసా. పేరులో వెర్బీనా ఉంది కానీ ఆ కుటుంబం కాదు, మన అటికమామిడి, చంద్రకాంత, కాగితం పూలు అన్నీ ఒకే కుటుంబం, ఇదీ అందులోదే. అటికమామిడి కాయలు పంచెకి అంటుకోవడం గుర్తుందా, ఆ జిగురు గుణం ఇక్కడ మొక్కంతా ఉంటుంది.

జవాబు 2:
ఆ ఇసుక ఊరికే అంటుకోలేదు. కాలిఫోర్నియా తీరంలో దీని పసుపు పూల చుట్టం ఒకటుంది, దాని ఆకుల మీద ఇసుక తుడిచేసి చూస్తే పురుగులు ఎక్కువ కొరికాయని 2016లో ఒక పరిశోధన వచ్చింది. ఇసుక నమిలితే పళ్లు అరుగుతాయి, మనకైనా అంతే కదా.

జవాబు 3:
ఇసుక ఉన్నా ఆగని పురుగులున్నాయండీ. పూలు బాగా పూసిన ఏడాది బొరేగోలో స్ఫింక్స్ మాత్ (ఒక రకం చిమ్మట) గొంగళిపురుగులు వేలకొద్దీ వచ్చి వీటినే మేస్తాయి, వాటిని తినడానికి వలస డేగలు దిగుతాయి. 2017, 2019లో ఆ నేలంతా పూలే.
తవ్వడం మాత్రం వద్దు. స్టేట్ పార్కులో పువ్వు కోయడం కూడా నిషేధమే. పైగా ఇది ఏడాది మొక్క, చలికాలం వానకి మొలిచి ఎండలు ముదిరేసరికి మాడిపోతుంది, కుండీలో పెట్టినా మిగలదు. పీకాలని అంత సరదాగా ఉంటే, అక్కడ సహారా ఆవ మొక్కలు చొరబడి వీటి చోటు తినేస్తున్నాయి, వాటిని పీకడానికి వాలంటీర్లు వెళ్తుంటారు, వాళ్లతో కలవండి.

అడిగినవారు:
థాంక్స్ అండీ. ఆవ పీకడానికి మా ఆయన్ని పంపిస్తా. కాకపోతే మా చిన్నది నేను చూడకుండా అప్పటికే ఒక గుత్తి కోసేసిందట, ఇంటికొచ్చాక చెప్పింది. దారంతా కారులో తియ్యటి వాసన ఏంటా అనుకున్నా. సీటుకి జిగురు ఇంకా వదల్లేదు, ఇసుకతో సహా.