అప్‌డేట్: చెక్క ఫ్లూట్‌కు తోడుగా ఏ వాద్యం?

ఐర్లండ్‌లోని గాల్వేలో మిత్రులతో రీల్స్, జిగ్స్ అనే ఐరిష్ నాట్య బాణీలు వాయించేటప్పుడు నా ఐరిష్ చెక్క ఫ్లూట్ కింది స్వరాలు గిటార్ మోతలో మునిగిపోతున్నాయని, గిటార్‌కు బదులు ఏ వాద్యం నయమని మూడు నెలల క్రితం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

గిటార్‌ను మార్చలేదు, దాని శ్రుతిని మార్చాం. మిత్రుడు తంత్రులను డి-ఎ-డి-జి-ఎ-డి పద్ధతిలో కట్టాడు. డిని షడ్జమంగా తీసుకుంటే మన లెక్కలో స, ప, మ మాత్రమే, గాంధారం లేదు. అందువల్ల చిన్న గాంధారం ఉండే డోరియన్ అనే స్వరక్రమంలోని బాణీకైనా, పెద్ద గాంధారం ఉండే మిక్సోలిడియన్‌కైనా అడ్డు రాదు. ఎంత హాయిగా ఉందో!

బౌరాన్ అనే ఐరిష్ చర్మవాద్యం వాయించే ఆమె చర్మం వెనుక చేయి ఆనించి మోత తగ్గిస్తోంది. ఫ్లూట్‌లో ఊపిరి కోసం ఒక స్వరం వదలక తప్పదు కదా, ఆ ఖాళీని ఇప్పుడు ఎవరూ నింపడం లేదు. బాణీ శ్వాసిస్తున్నది అక్కడే.

కింది డి స్వరాన్ని పెదవులు బిగించి, గాలిని సూటిగా ఊది రోజూ సాధన చేస్తున్నాను. నిన్న అది గిటార్ మీదుగా స్పష్టంగా వినిపించింది. 1960లలో ఈ సంగీతంలోకి వచ్చిన బూజూకీ అనే తంత్రీవాద్యాన్ని ఇంకా ప్రయత్నించలేదు.