విభాగం కార్యక్రమాలను గూగుల్ క్యాలెండర్‌లోకి ఎక్కిస్తే తేదీలు తారుమారవుతున్నాయి – దయచేసి సహాయం చేయండి

పరిశోధక విద్యార్థిని:
గ్రూపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మా విశ్వవిద్యాలయంలోని గ్రంథాలయ, సమాచార శాస్త్ర విభాగం 2025లో జరపబోయే ఉపన్యాసాలు, వర్క్‌షాపులు, విద్యార్థుల పోటీలు అన్నింటినీ ఒకే క్యాలెండర్‌లో పెట్టే పని నాకు అప్పగించారు. నోటీసు బోర్డు ముందు ఆగి చదివేవారు కరువయ్యారు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన సర్క్యులర్ సాయంత్రానికల్లా ఇతర మెసేజీల కింద కూరుకుపోతోంది. అందుకే విద్యార్థుల ఫోన్లలోనే తేదీ, వేళ, స్థలం కనబడేలా చేయాలని నేనే ముందుకు వచ్చాను. మధ్యాహ్నం భోజనమైనప్పటి నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. ఆగస్టు 12న జరగవలసిన గ్రంథపాలకుల దినోత్సవ ఉపన్యాసం డిసెంబరు 8న కనబడుతోంది. నవంబరు 14న మొదలయ్యే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల జాడే లేదు. కొన్ని శీర్షికలు వరుసగా ప్రశ్నార్థకాలుగా మారాయి, మరికొన్ని అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతున్నాయి. రేపు ఉదయం లింకు అందరికీ పంపాలి. ఎవరికైనా పరిష్కారం తెలిస్తే వెంటనే చెప్పగలరు.

వెబ్ పనులు చేసే సభ్యుడు:
ఏ ఫైలు, ఎక్కడ తయారు చేశారు, ఎలా ఎక్కించారు అన్నవి చెప్పలేదు. ఫైలులోని రెండు వరుసలు ఇక్కడ పెట్టండి. అవి చూడకుండా చెప్పేదంతా ఊహే అవుతుంది.

విశ్రాంత గ్రంథపాలకుడు:
అమ్మా, ముందుగా ఒక మాట. నవంబరు 14 అనగానే బాలల దినోత్సవం ఒక్కటే గుర్తుకు వచ్చే ఈ రోజుల్లో జాతీయ గ్రంథాలయ వారోత్సవాలను తలచుకున్నందుకు సంతోషం. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్నది మన గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి. అంతకు ఐదేళ్ల ముందే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులకే ఈ సంగతులు తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. కాబట్టి మీ క్యాలెండర్‌లో ఆ వారం పేరు రాసి ఊరుకోకుండా, కింద వివరణలో ఈ నాలుగు మాటలూ తప్పక చేర్చండి.

ఇక తేదీల విషయానికి వస్తే, గందరగోళానికి మూలం మనం తేదీ రాసే పద్ధతిలోనే ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 8601 ప్రకారం ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాయాలి. 2025-08-12 అని రాస్తే భూగోళంలో ఏ మూల ఉన్నవారైనా ఒకే విధంగా చదువుతారు. నా ఉద్యోగకాలమంతా ప్రవేశ రిజిస్టరులో అదే పద్ధతి పాటించాను.

పరిశోధక విద్యార్థిని:
ధన్యవాదాలు సార్, వివరణలో తప్పకుండా చేరుస్తాను. ఫైలు ఎక్సెల్‌లో చేసి సీఎస్‌వీగా (గడులను కామాలతో వేరుచేసే సాదా ఫైలుగా) భద్రపరచి, కంప్యూటరులో గూగుల్ క్యాలెండర్ సెట్టింగులలోని ఇంపోర్ట్ ద్వారా ఎక్కించాను. మొదటి వరుసలోని సబ్జెక్ట్, స్టార్ట్ డేట్, స్టార్ట్ టైమ్, ఎండ్ డేట్, ఎండ్ టైమ్, లొకేషన్, డిస్క్రిప్షన్ అన్న పేర్లు ఫైలులో ఇంగ్లీషు లిపిలోనే ఉన్నాయి. రెండు వరుసలు ఇవి:

గ్రంథపాలకుల దినోత్సవ ఉపన్యాసం, 12/08/2025, 10:30 ఏఎం, 12/08/2025, 12:00 పీఎం, సెమినార్ హాలు, రెండో అంతస్తు

వారోత్సవాల ప్రారంభ సభ, 14/11/2025, 10:30 ఏఎం, 14/11/2025, 1:00 పీఎం, ఆడిటోరియం

వెబ్ పనులు చేసే సభ్యుడు:
ఇప్పుడు స్పష్టంగా ఉంది. సీఎస్‌వీ ఫైలు కోసం గూగుల్ సహాయ పుటలో చూపిన నమూనాలో ముందు నెల, తర్వాత రోజు ఉంటాయి. మీరు మన అలవాటు ప్రకారం రోజు ముందు రాశారు. 12/08ని అది డిసెంబరు 8గా చదివింది. 14/11లో పద్నాలుగో నెల అనేది లేదు కనుక ఆ వరుస నిలిచిపోయింది. జాబితాలో రోజు సంఖ్య 12 దాటినవేవీ చేరి ఉండవు, 12 లోపువన్నీ తప్పు నెలకు వెళ్లి ఉంటాయి. రెండో రకమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే క్యాలెండర్‌లో ఏదో ఒకటి కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నవంబరు మొదటి గురువారం ప్రపంచ డిజిటల్ పరిరక్షణ దినం కూడా మీ జాబితాలో ఉంటే, 2025లో అది నవంబరు 6 కాబట్టి, జూన్ 11న వెతకండి.

రెండో లోపం స్థలం దగ్గర ఉంది. సెమినార్ హాలు తర్వాత కామా పెట్టారు. సీఎస్‌వీలో కామా అంటే తర్వాతి గడి మొదలైందని అర్థం. అందువల్ల స్థలం గడిలో హాలు పేరు మాత్రమే మిగిలి, రెండో అంతస్తు వివరణలోకి జారిపోయింది. స్థలం మొత్తాన్ని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టాలి, లేదా కామా తీసేయాలి.

పరిశోధక విద్యార్థిని:
నిజమేనండి, ఆ కార్యక్రమం జూన్ 11నే ఉంది. మరి తెలుగు అక్షరాల సంగతి?

కళాశాల గ్రంథపాలకురాలు:
ఈ ఇబ్బంది నాకు బాగా పరిచయం. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ప్రశ్నార్థకాలుగా మారినవి మీరు స్వయంగా యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే ప్రమాణంలో) టైపు చేసినవై ఉంటాయి. ఎక్సెల్‌లో భద్రపరిచేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలు పోతాయి. అదే జాబితాలో సీఎస్‌వీ యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను భద్రపరిచే పద్ధతి) అని వేరుగా ఉంటుంది, దాన్ని ఎంచుకోవాలి. ఒకసారి ప్రశ్నార్థకాలైన అక్షరాలు ఆ ఫైలు నుంచి తిరిగి రావు కాబట్టి అసలు ఎక్సెల్ ఫైలును చెరిపేయకండి.

ఇంగ్లీషు అక్షరాలుగా కనబడేవి ఆహ్వాన పత్రికల నుంచి కాపీ చేసినవి కావాలి. డీటీపీ చేసేవారు ఇప్పటికీ ‘అను’ అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో టైపు చేస్తున్నారు. తెరపై అది చక్కటి తెలుగులా కనబడినా లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంటు లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు గానీ, వత్తులు, పొల్లు హల్లుల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక ఒక్కొక్కటి చదివి సరిచూడాలి. పది పదిహేను శీర్షికలే అయితే మళ్లీ టైపు చేయడమే మేలు. విశ్వవిద్యాలయాలు తమ ప్రకటనలన్నీ యూనికోడ్‌లోనే తయారు చేయాలని నేను ఎంతోకాలంగా మొరపెట్టుకుంటున్నాను. అను ఫాంట్లలో ఉన్న ఆహ్వాన పత్రిక కాగితం మీద అందంగానే ఉంటుంది, కానీ రేపు వెతికితే దొరకదు. సమాచారాన్ని వెతికి పట్టుకోవడం నేర్పే విభాగం నుంచే వెతకడానికి వీలులేని ప్రకటనలు వెలువడకూడదు.

విశ్రాంత గ్రంథపాలకుడు:
ఆమె చెప్పింది అక్షర సత్యం. అయితే తేదీల గురించి నేను చెప్పిన మాటకు సమాధానం రాలేదు. ఐఎస్‌వో ప్రమాణం ఉండగా నెల ముందు రాయడమనే అమెరికా అలవాటుకు మనం ఎందుకు తల వంచాలి?

వెబ్ పనులు చేసే సభ్యుడు:
మీ ప్రమాణంతో నాకు పేచీ లేదు సార్. తయారీ పట్టికలో సంవత్సరం ముందున్న పద్ధతే ఉంచుకోమనండి. ఎక్కించే ఫైలు మాత్రం ఆ యంత్రం ఇచ్చిన నమూనా ప్రకారమే ఉండాలి. ఆమెకు రేపు ఉదయమే గడువు.

పరిశోధక విద్యార్థిని:
ఒక్కో తేదీని చేతితో తిరగరాయాలా? మొత్తం జాబితాలో కోహా (గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్) వర్క్‌షాపు, డీస్పేస్ (డిజిటల్ భాండాగార సాఫ్ట్‌వేర్) వర్క్‌షాపు, జోటెరో (ఆధార గ్రంథాల వివరాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్) శిక్షణ, సార్వత్రిక లభ్యత వారం (ఓపెన్ యాక్సెస్ వీక్) ఉపన్యాసాలు, క్విజ్, పుస్తక సమీక్ష పోటీ ఇలా చాలా ఉన్నాయి.

కళాశాల గ్రంథపాలకురాలు:
అక్కరలేదు. ఆ పట్టికను గూగుల్ షీట్స్‌లో తెరవండి. ఫైల్ మెనూలోని సెట్టింగులలో లొకేల్ (ఏ ప్రాంతపు పద్ధతి అన్నది) ఇండియాగా ఉంటే 12/08ని ఆగస్టు 12గానే గుర్తిస్తుంది. తర్వాత తేదీల నిలువు వరుసను ఎంచుకుని, ఫార్మాట్‌లో ముందు నెల, తర్వాత రోజు, చివర సంవత్సరం వచ్చేలా అమర్చి, సీఎస్‌వీగా డౌన్‌లోడ్ చేసుకోండి. గడిలో తేదీ కుడివైపుకు జరిగి ఉంటే దాన్ని తేదీగా గుర్తించినట్టు. ఎడమవైపుకు అంటుకుని ఉంటే వట్టి అక్షరాలుగా తీసుకుందని గ్రహించి ఆ గడిని మళ్లీ నింపండి. అక్కడి నుంచి వచ్చే ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంటుంది, కామా ఉన్న గడులకు ఉద్ధరణ చిహ్నాలు కూడా అదే పెడుతుంది.

విశ్రాంత గ్రంథపాలకుడు:
మీ జాబితాలో కోహా వర్క్‌షాపు అని చూశాను. అది ఎన్ని గంటలమ్మా? పాల్గొనేవారికి ఒక్కొక్కరికి ఒక కంప్యూటరు ఇచ్చి, పుస్తకం వివరాలు వారిచేతనే నమోదు చేయించి, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం వారిచేతనే జరిపిస్తే దాన్ని వర్క్‌షాపు అనాలి. సెమినార్ హాలులో తెరపై ఒకరు చూపిస్తుంటే మిగిలినవారు చూసి వెళ్లిపోయేదాన్ని ప్రదర్శనోపన్యాసం అనాలి. పేరు చూసి దూరం నుంచి బస్సెక్కి వచ్చే విద్యార్థి ఉంటాడు.

వెబ్ పనులు చేసే సభ్యుడు:
ఆ పేరు సర్క్యులర్‌లో విభాగం పెట్టింది. క్యాలెండర్ ఎక్కించేవారు దాన్ని మార్చలేరు.

కళాశాల గ్రంథపాలకురాలు:
పేరు మార్చలేకపోయినా వివరణలో చెప్పవచ్చు. సొంత ల్యాప్‌టాప్ తేవాలా, ముందుగా పేరు నమోదు చేసుకోవాలా, ఎన్ని సీట్లు ఉన్నాయి, సర్టిఫికెట్ ఇస్తారా అన్న నాలుగు సంగతులు రాస్తే సార్ అన్న ఇబ్బంది తీరుతుంది. జోటెరో శిక్షణకు ముందే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని రమ్మనకపోతే మొదటి గంట దానికే సరిపోతుంది, ఇది మా కళాశాలలో కళ్లారా చూశాను.

విశ్రాంత గ్రంథపాలకుడు:
వివరణలో రాసినా శీర్షికే ముందు కంటికి ఆనుతుంది. పాఠకుని సమయాన్ని ఆదా చేయాలని 1931లోనే మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు తన ఐదు సూత్రాలలో నాలుగోదిగా చెప్పారు. ఆయన పేరుమీద ఆగస్టు 12న సభ పెడుతూ, ఆ సూత్రాన్ని ప్రకటనలోనే మరిచిపోకూడదు. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

పరిశోధక విద్యార్థిని:
సార్, మీ మాట మా ఆచార్యుల దృష్టికి తీసుకువెళ్తాను. తేదీలు ఇప్పుడు సరిగ్గా వచ్చాయి, తెలుగు కూడా చక్కగా కనబడుతోంది. కానీ పాత తప్పు కార్యక్రమాలు అలాగే ఉన్నాయి. పైగా నా స్నేహితురాలి ఫోనులో ఉదయం 10:30 ఉపన్యాసం సాయంత్రం 4:00 గంటలకని చూపిస్తోంది.

వెబ్ పనులు చేసే సభ్యుడు:
సరిగ్గా ఐదున్నర గంటల తేడా, అంటే గ్రీనిచ్ సమయానికీ మనకూ ఉన్న తేడా. ఆ క్యాలెండర్ సెట్టింగులలో టైమ్ జోన్ చూడండి. కోల్‌కతా అని ఉండాలి.

పాతవాటిని ఒక్కొక్కటిగా తీసే బదులు, కొత్తగా విభాగం పేరుతో వేరే క్యాలెండర్ సృష్టించి, టైమ్ జోన్ ముందే సరిచేసి, అందులోకి ఎక్కించండి. ఏదైనా తేడా వస్తే ఆ క్యాలెండర్‌నే తొలగించి మళ్లీ చేయవచ్చు. మీ సొంత క్యాలెండర్‌లో కలిపేస్తే ఆ వీలుండదు. ఒకే సీఎస్‌వీని రెండోసారి ఎక్కిస్తే పాతవి సరికావు, ప్రతిదీ రెండేసి అవుతుంది. వక్త గానీ హాలు గానీ మారినప్పుడు క్యాలెండర్‌లోనే ఆ ఒక్కదాన్ని దిద్దండి.

టెక్సస్‌లో చదువుతున్న విద్యార్థి:
నేను డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. టైమ్ జోన్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. మీ సార్వత్రిక లభ్యత వారం 2025లో అక్టోబరు 20 నుంచి 26 వరకు. అమెరికా నుంచి ఎవరైనా ఆన్‌లైన్‌లో మాట్లాడేట్లయితే, వారికి ఉదయం 9:00 అనే మాట మీద ఆధారపడకండి. అక్టోబరు 22న మా ఉదయం 9:00 గంటలు మీకు రాత్రి 7:30. నవంబరు 2న ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. తర్వాత, వారోత్సవాలలో నవంబరు 19న, అదే ఉదయం 9:00 మీకు రాత్రి 8:30 అవుతుంది. ఐరోపాలో ఈ మార్పు అక్టోబరు చివరి ఆదివారమే వస్తుంది. వక్తకు పంపే ఉత్తరంలో రెండు చోట్ల వేళలూ రాయండి.

పరిశోధక విద్యార్థిని:
మంచి సమయానికి చెప్పారు, అమెరికా నుంచి రెండు ఉపన్యాసాలు ఉన్నాయి, రెండింటికీ 7:30 అనే రాశాను. టైమ్ జోన్ గ్రీనిచ్‌గానే ఉంది, మార్చి కొత్త క్యాలెండర్‌లోకి ఎక్కించాను. లింకు ఎలా పంపాలి?

వెబ్ పనులు చేసే సభ్యుడు:
సెట్టింగులలో అందరికీ కనబడేలా అనుమతి ఇచ్చి, అక్కడ వచ్చే లింకు పంపండి. కార్యక్రమాలను ఇంపోర్ట్ చేసుకోమని విద్యార్థులకు చెప్పకండి. అలా చేసుకుంటే వారి దగ్గర ఒక నకలు మాత్రమే ఉంటుంది, మీరు తర్వాత చేసే మార్పు అందదు. సబ్‌స్క్రైబ్ చేసుకోవాలి.

కళాశాల గ్రంథపాలకురాలు:
సబ్‌స్క్రైబ్ చేసుకున్నా వేరే క్యాలెండర్లు వాడేవారికి మార్పులు చేరడానికి గంటలు పట్టవచ్చు. అదే రోజు హాలు మారితే క్యాలెండర్‌ను మాత్రమే నమ్ముకోకుండా వాట్సాప్‌లో కూడా చెప్పండి, తలుపు మీద కాగితం అంటించండి.

పరిశోధక విద్యార్థిని:
అందరికీ ధన్యవాదాలు. ఆగస్టు 12 ఆగస్టులోకే వచ్చింది. లింకు పంపేశాను.

విశ్రాంత గ్రంథపాలకుడు:
శుభం. కోహా కార్యక్రమం ఎన్ని గంటలో చెప్పలేదు.

కొత్త సభ్యుడు:
మా విభాగంలో అందరూ ఔట్‌లుక్ వాడతారు. ఇదే ఫైలు అందులోనూ పనిచేస్తుందా?