బ్యాటరీ లైటు మిణుకుమంటోంది. కొత్త బ్యాటరీ కొనాల్సిందేనా?

అనంతపురం_ఎక్స్‌ప్రెస్:
అన్నలూ, బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటా. ఏడేళ్ల పెట్రోల్ బండి. ఈ వారంగా రాత్రిపూట సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిలబడితే చాలు, మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు మసకమసగ్గా వెలుగుతోంది. హెడ్‌లైట్లు, ఏసీ రెండూ వేసుంటేనే. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే పోతుంది. పొద్దున సెల్ఫ్ మాత్రం ఒక్క దెబ్బకే అందుకుంటుంది. ఇంటి దగ్గర బ్యాటరీ అంగడాయన బానెట్ కూడా ఎత్తకుండా "బ్యాటరీ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. అది వేయించి రెండేళ్లు కూడా కాలా. శుక్రవారం రాత్రి ఊరికి పోవాల. ఏం చేయమంటారు?

గోదారి_డీజిల్:
కొనకండి బాబూ. ఆ లైటుకి బొమ్మ బ్యాటరీదే గానీ, అది చెప్పేది ఛార్జింగ్ సంగతండి. బ్యాటరీ నీరసపడితే ముందు సెల్ఫ్ మూలుగుతుంది. మీకు సెల్ఫ్ బాగుందంటున్నారు, లైటేమో బండి నడుస్తుండగా వస్తోంది. అంటే డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది), దాన్ని తిప్పే బెల్టు, వైరింగ్, ఈ మూడిట్లోనే ఏదో ఉంది. ఎస్పీ రోడ్డులో చవకలో మల్టీమీటర్ (వోల్టులు, ఆంపియర్లు కొలిచేది) దొరుకుతుంది, ఒకటి కొని డిక్కీలో పడేసుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే టెర్మినళ్ల దగ్గర చూస్తే 12.6 వోల్టులుంటే ఫుల్లు, 12.2 అంటే సగం, 12 లోపంటే ఖాళీ కిందే లెక్క. ఇంజిన్ ఆన్‌లో ఉంటే 13.7 నుంచి 14.7 మధ్య ఉండాలి. లైట్లు, ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూసి అంకెలు ఇక్కడ పెట్టండి.

పాత_బండి_మామ:
మీటర్లూ గీటర్లూ ఎందుకు? ఇంజిన్ స్టార్ట్ చేసి నెగెటివ్ టెర్మినల్ పీకెయ్. బండి ఆగిపోతే డైనమో పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు. మా నాన్న కాలం నుంచీ ఇదే టెస్టు.

జేసీరోడ్_కుర్రాడు:
మామా, దండం పెడతా, ఆ టెస్టు ఎవరికీ చెప్పొద్దు. కార్బ్యురేటర్ బండ్లకైతే చెల్లింది. ఇప్పటి బండిలో ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ పీకితే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాలిందంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. డైనమోలో ఉన్న డయోడ్లూ పోవచ్చు. టెర్మినల్ తీయాలంటే బండి ఆపాక, ముందు నెగెటివ్ తీయాలి. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. లేదంటే పాజిటివ్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలిందా, నిప్పురవ్వలే.

అనంతపురం_ఎక్స్‌ప్రెస్:
మీటర్ తెచ్చినా. పొద్దున బండి ఆపి ఉన్నప్పుడు 12.5. స్టార్ట్ చేసి ఏమీ వేయకుండా 13.6. హెడ్‌లైట్లు, ఏసీ, వెనకద్దం హీటర్ అన్నీ వేస్తే ఐడిల్‌లో 12.3కి పడిపోయి లైటు వచ్చింది. కొంచెం రేజ్ చేస్తే 13.8. టెర్మినళ్ల మీద తెల్ల పొడి లేదు.

జేసీరోడ్_కుర్రాడు:
బ్యాటరీ క్షేమం. ఐడిల్‌లో డైనమో లోడు మోయలేకపోతోంది. ముందు బెల్టు చూడు. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమంటోందా? లోపలి వైపు పగుళ్లు, నున్నగా మెరుపు ఉంటే జారుతున్నట్టే. అది బాగుంటే ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ని బండి లోహానికి కలిపే వైరు) చూడు: లోడు వేసి ఉంచి, మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొన ఇంజిన్ లోహానికి పెట్టు. 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరు తుప్పో, వదులో. రెండూ బాగుంటే డైనమో విప్పించు. ఏడేళ్ల బండికి కార్బన్ బ్రష్‌లు (డైనమోలో తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు) అరగడం మామూలే. మొత్తం డైనమో మార్చాలని ఎవరన్నా అంటే ఒప్పుకోకు, జేసీ రోడ్డు చుట్టుపక్కల ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో బ్రష్‌లు, రెగ్యులేటర్ (డైనమో వోల్టేజీని అదుపులో ఉంచేది) విడిగా మారుస్తారు.
ఈ లెక్క మామూలు బండ్లకే. మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కి చిన్న ఎలక్ట్రిక్ మోటారు సాయం ఉండేవి) వాటిల్లో ఈసీయూనే వోల్టేజీని పెంచుతూ దించుతూ ఉంటుంది, 12.8 చూసి కంగారు పడక్కర్లేదు.

సీమ_చిన్నోడు:
ఈ బండితో శుక్రవారం రాత్రి ఎన్‌హెచ్ 44 ఎక్కొద్దు అన్నా. దోవలో ఛార్జింగ్ పూర్తిగా ఆగిపోతే బ్యాటరీ ఒక్కదాని మీద ఎంతసేపు లాగుతావు? పగలు ఏసీ ఆపి పోతే కొంతదూరం వస్తుందేమో. రాత్రి హాలోజెన్ లైట్లు రెండూ కలిసి పది ఆంపియర్ల దాకా తింటాయి, రేడియేటర్ ఫ్యాను తిరిగితే అది వేరే. బాగేపల్లి దాటాక చీకట్లో నిలబడతావు. ఇంకొకటి, బ్యాటరీ లైటుతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా లేస్తే బెల్టు తెగిందనుకో. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. అక్కడే పక్కన ఆపేయాల, "ఇంకో రెండు కిలోమీటర్లు" అంటే ఇంజిన్ కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతుంది.

బేస్‌మెంట్_బాధితురాలు:
సందులో నాదొకటండీ. సర్జాపూర్ రోడ్డులో అపార్ట్‌మెంట్, బండి బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. వారం తీయకపోతే డెడ్. కొత్త బ్యాటరీ వేయించినా అంతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఛార్జింగ్ 14.2 చూపిస్తోంది.

జేసీరోడ్_కుర్రాడు:
అక్కా, బండి ఆపాక కూడా ఏదో కరెంటు తాగుతోంది. మీటర్‌ని 10 ఆంపియర్ల సెట్టింగులో పెట్టి, ఎర్ర వైరు కూడా ఆ 10ఏ రంధ్రంలోకి మార్చి, నెగెటివ్ టెర్మినల్ తీసి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్యలో మీటర్ కలపండి. ఇది పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది. బండి లాక్ చేసి అరగంట ఆగాలి, లోపలి మాడ్యూళ్లన్నీ (చిన్నచిన్న కంప్యూటర్లు) నిద్రపోవడానికి అంత టైం పడుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే సరే. 200 ఉంటే రోజుకి దాదాపు 5 ఆంపియర్ అవర్లు పోతాయి, అంటే 45 ఏహెచ్ బ్యాటరీ వారానికే కూలబడుతుంది. ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి, దేనికి అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే.

గోదారి_డీజిల్:
డాష్‌క్యామ్, డిక్కీ లైటు ముందు చూడండమ్మా. బేస్‌మెంట్ అన్నారు కాబట్టి ఎలకలు కూడా. మా బండికి వైరు తొడుగు మొత్తం కొరికేశాయండి, పైగా అక్కడే గూడు.

అనంతపురం_ఎక్స్‌ప్రెస్:
బెల్టు, ఎర్త్ రెండూ బాగున్నాయి. డైనమో విప్పితే ఒక బ్రష్ పిల్లల గోరంత మిగిలింది, అది రాసుకోవాల్సిన స్లిప్ రింగుకి ఆనీ ఆననట్టుంది. బ్రష్‌లు, రెగ్యులేటర్ కలిపి మార్చినారు, బేరింగులు కూడా వేసినారు. కొత్త డైనమో రేటులో పావు వంతు కూడా కాలేదు. ఇప్పుడు అన్నీ వేసినా ఐడిల్‌లో 13.9. శనివారం పగలే బయల్దేరుతున్నా.

బేస్‌మెంట్_బాధితురాలు:
నాదీ దొరికింది. 230 మిల్లీ ఆంపియర్లు చూపించింది. ఫ్యూజులన్నీ పీకినా అంకె కదల్లేదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు పెట్టెకి పోకుండా నేరుగా డాష్‌బోర్డు వెనక్కి వెళ్లే సన్నవైరు ఒకటి కనిపించింది, పట్టుకుని లాగితే చివర పాత ఓనరు పెట్టించిన జీపీఎస్ ట్రాకర్! తీసేశాక 28కి వచ్చింది. ఇన్నాళ్లూ నేను కూరగాయలకి ఎక్కడికి వెళ్తున్నానో ఆయనకి మెసేజీలు పోతూనే ఉన్నాయేమో.